రెండు వైపుల అతుకు

మా చిన్నాయన పట్టరై ధర్మపురి ఊరు దాటగానే సేలం రోడ్డు మీద ఉండేది. పట్టరై అంటే వర్క్‌షాపు. ఇంట్లో తెలుగే మాట్లాడుకున్నా ఆ మాట మాకు అరవంలోనే వచ్చేది. రేకుల షెడ్డు, రెండు లేతు మిషన్లు, రేకు వంచే ఒక ప్రెస్సు, వెల్డింగు సామాను. సగ్గుబియ్యం మిల్లులకు తొట్లు, డైరీలకు స్టెయిన్‌లెస్ స్టీలు పాల ట్యాంకులు చేసేవాళ్లం. డెబ్బైల మొదట్లో సేలంలో డిప్లొమా ముగించి నేను అక్కడ డ్రాయింగులు గీసే పనిలో చేరాను. ఆ షెడ్డు మొత్తానికి డ్రాయింగు చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే అనే గర్వం నాకు బాగా ఉండేది.

మా ట్యాంకులకు అతుకులు వేసేది మేస్త్రీ. యాభై దాటిన మనిషి, మితభాషి. పెన్నాగరం అవతల పిక్కిలిలో కొంచెం మెట్ట చేను ఉంది. రోజూ బస్సులో వచ్చిపోయేవాడు. ఆయనదీ తెలుగు ఇల్లే. అయితే తెలుగు అక్షరం రాదు, అరవం సంతకం వరకే. నాకు చుట్టం కాకపోయినా మామా అని పిలిచేవాణ్ని. ఆయన వేసిన అతుకును అరగదీసి మెరుగు పెట్టాక, కళ్లు మూసుకుని వేలు పోనిస్తే అది ఎక్కడుందో తెలిసేది కాదు.

ఆ అతుకును చూసే బెంగళూరు మేడమ్ మా దగ్గరకు వచ్చింది. ఒక పరిశోధనా సంస్థలో శాస్త్రవేత్త. నలభై ఏళ్లుంటాయి. నేత చీర, మగవాళ్లు పెట్టుకునేంత పెద్ద గడియారం. హోసూరు దగ్గర ఒక డైరీలో మా పాల ట్యాంకును చూసి, ఎవరు చేశారో కనుక్కుని, జీపులో నేరుగా షెడ్డు ముందు దిగింది. ఆమెది కోలారు వైపు. ఇంటి భాష తెలుగు కావడంతో మొదటి పది నిమిషాల్లోనే చిన్నాయన ఆమెకు కాఫీ తెప్పించి కుర్చీ వేయించాడు.

ఆమెకు కావలసింది వంపు తిరిగిన ఒక స్టీలు గొట్టం. నాలుగంగుళాల వెడల్పు, రెండంగుళాల ఎత్తు, నా రెండు చేతులూ చాచినంత పొడవు. అలాంటివి ఎనిమిది కలిపితే ఒక చక్రం అవుతుందట. దాని లోపల ఎలక్ట్రాన్లు గంటల తరబడి చుట్టూ తిరుగుతూ ఉండాలి. లోపల గాలి ఉంటే అవి దానికి తగిలి చెదిరిపోతాయి. అందుకని గొట్టంలో గాలి అన్నదే ఉండకూడదు. పెద్ద కంపెనీలు ఒకటి రెండు ముక్కలకు మిషన్లు ఆపలేమన్నాయి.

"ముందు ఒక ముక్క చేసి చూపించండి. అది నిలబడితే మిగతా ఏడూ మీకే" అంది.

చిన్నాయన మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ ఆమె తెచ్చిన పెన్సిలు బొమ్మను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసి, "చేయొచ్చమ్మా. అయితే తొందర పెట్టకూడదు" అన్నాడు.

ఆ పెన్సిలు బొమ్మ నుంచి పట్టరైకి అసలు డ్రాయింగు గీసే పని నాది. స్టీలు రేకును రెండు దోనెలుగా వంచి, ఒకదాని మీద ఒకటి బోర్లించి అంచులు కలపాలి. రెండు కొసల్లోనూ మందపాటి బిళ్ల తొడగాలి. పక్క గొట్టంతో బోల్టులు వేసి బిగించేది ఆ బిళ్లతోనే. గొట్టం బిళ్లలోకి దూరేచోట మేడమ్ లోపలి వైపు నిండు అతుకు గీసింది, బయట మాత్రం అక్కడక్కడ చుక్కల్లాంటి చిన్న అతుకులే పెట్టింది. అది చూసి ఆమె తొందరలో మరిచిపోయిందనుకున్నాను. బాయిలర్లకు అతుకు రెండు వైపులా నిండుగా ఉండాలని నేను చదువుకున్నాను. బయట కూడా నిండు అతుకు గీసేశాను. ఆమెకు చెప్పాలని తోచలేదు.

పని మొదలుపెట్టిన రోజు మేస్త్రీ నా బల్ల దగ్గరకు వచ్చాడు.

"నాయనా, ఆయమ్మ కాగితంలో బయట చుక్కలే కదా ఉండేది? నువ్వు నిండుగా గీసినావే?"

అక్షరాలు రాని మనిషి అంత తేడా పట్టుకుంటాడని నేను అనుకోలేదు. "బలం కావాల మామా. లోపల గాలి ఉండదు, బయటి గాలంతా ఒత్తుతుంది" అన్నాను.

"బలం సరి. పాల ట్యాంకులో సందు వదిలితే ఆడ పాలు చేరి పులుస్తాయి. ఈడ రెండు అతుకుల నడుమ గాలి చేరదా?"

"పాలు వేరే, గాలి వేరే మామా. డ్రాయింగులో ఉండేది వేయి."

ఆయన "సరి, నువ్వు చెప్తే వేస్తాను" అని వెళ్లిపోయాడు.

ఆ గొట్టానికి నెలన్నర పట్టింది. మొదటి రెండు దోనెలూ వంపు దగ్గర ముడతలు పడితే పారేశాము. మూడోసారి ప్రెస్సుకు చెక్క అచ్చు కొత్తగా చేయించాము. కాస్త వేడెక్కితే చాలు, రేకు మెలి తిరిగేది. అందుకని మేస్త్రీ ఒక చోట బెత్తెడు వేసి, దానికి ఎదురుగా ఇంకో చోట బెత్తెడు వేసి, మధ్యలో బీడీ కాల్చుకుంటూ ఆగేవాడు. లోపలి వైపు స్టీలు నల్లబడకుండా అతుకు వేసినంతసేపూ గొట్టంలోకి ఆర్గాన్ వాయువు వదిలేవాళ్లం.

తర్వాత కడగడం. చేతివేలి జిడ్డు అంటినా గాలి తీసేటప్పుడు అది ఆవిరై లోపలే తిరుగుతుందని మేడమ్ ముందే హెచ్చరించింది. వేడి నీళ్లు, సబ్బు, ఆ తర్వాత స్పిరిట్టు. ఎవరూ ఒట్టి చేత్తో ముట్టకూడదు. సరిగ్గా ఆమె వచ్చిన సోమవారం మేస్త్రీ నిగనిగలాడుతూ వచ్చాడు. ముందురోజు హొగేనక్కల్ జలపాతానికి పోయి, నూనె పట్టించుకుని, నీటి ధార కింద కూర్చుని వచ్చాడట. తల మీద నూనె ఇంకా మెరుస్తోంది.

మేడమ్ నవ్వు ఆపుకుంటూ, "మేస్త్రీ, మీరు ఈ రోజు నా గొట్టానికి పది అడుగుల దూరంలో ఉండాల" అంది.

"తప్పైపోయింది తల్లీ" అని ఆయన వెనక్కి తిరిగి, షెడ్డు వెనక తొట్టి దగ్గర సీకాయ పెట్టి రెండుసార్లు తల రుద్దుకుని వచ్చాడు.

ఆమె జీపులో రెండు పంపులు, గాలి ఎంత మిగిలిందో చూపే మీటరు తెచ్చింది. గొట్టం ఒక కొస మూసి, రెండో కొసకు పంపు తగిలించాము. లోపలి తేమ పోవడానికి చుట్టూ వేడి తీగ చుట్టాము. ముల్లు మొదట గబగబా దిగింది. షెడ్డులో అందరూ పని ఆపి చూస్తున్నారు. సగం దాటాక నెమ్మదించింది. ఆ తర్వాత ఒకచోట ఆగిపోయింది. మధ్యాహ్నం వరకు చూశాము. మరునాడూ చూశాము. కదలలేదు.

ఎక్కడో ఓటు, అంటే గాలి కారే సందు, ఉండాలి. మేడమ్ ఒక సిరంజితో అతుకుల వెంబడి స్పిరిట్టు చల్లుకుంటూ వచ్చింది. ఓటు ఉంటే స్పిరిట్టు లోపలికి దూరి ముల్లు ఎగరాలి. ఎక్కడ చల్లినా ఎగరలేదు. మూడో రోజు ఆమె మోకాళ్ల మీద కూర్చుని, కొసనున్న బిళ్లను టార్చి లైటుతో చూసి లేచింది.

"ఇక్కడ బయట నిండుగా అతుకు పెట్టినారే? నేను చుక్కలు కదా గీసింది. మధ్యలో గాలి చిక్కుకుంది. లోపలి అతుకులో సూదిమొన అంత రంధ్రం ఉన్నా చాలు, ఆ గాలి రోజుల తరబడి కొంచెం కొంచెంగా లోపలికి వస్తానే ఉంటుంది. బయటి నుంచి ఎంత వెతికినా దొరకదు. ఇది ఎవరు వేసినారు?"

మేస్త్రీ నా ముఖంలోకి చూశాడు. నేను మీటరు వైపు చూశాను.

"నేనే వేసినానమ్మా" అన్నాడు.

చిన్నాయనకు కోపం వచ్చింది. "ఇన్నేండ్ల పని తెలిసినోడివి, ఉండేది ఉన్నట్టు చేయలేకపోయినావా?" అని అందరి ముందూ అనేశాడు. ఈ పనికి ఇంకొకరిని పెడతానన్నాడు.  మేస్త్రీ కళ్లద్దాల మాస్కు మేకుకు తగిలించి, తువ్వాలు భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచాడు. మరునాడు రాలేదు.

నా నోరు ఎందుకు పెగల్లేదో ఇప్పుడు చెప్పమన్నా చెప్పలేను. భయం అంటే భయమే. కానీ దాని కింద ఇంకొకటి ఉంది. ఆయన చెప్పింది సరైంది, నేను చదువుకున్నది తప్పైంది. అది ఒప్పుకోవడం భయం కన్నా కష్టమైంది. ఆ రోజు ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే, పెరుగు చూసినా ఆయన పాల మాటే గుర్తొచ్చింది.

తెల్లవారి మేడమ్ బస చేసిన ప్రయాణికుల బంగళాకు వెళ్లాను. వరండాలో ఇడ్లీ తింటోంది. నిలబడే చెప్పేశాను. బయటి అతుకు నిండుగా గీసింది నేనని, మేస్త్రీ అడిగినా వినలేదని, నిన్న నోరు మూసుకున్నానని.

ఆమె చేయి కడుక్కుని వచ్చి కూర్చుంది. "డ్రాయింగు మార్చినందుకు కోపం లేదు. నేను కూడా ఎందుకు చుక్కలు పెట్టినానో రాయలేదు. మార్చినట్టు నాకు చెప్పి ఉండాల్సింది. ఇంక నిన్నటి సంగతి, అది నాకు చెప్పి ప్రయోజనం లేదు. ఆయన ఊరు ఎంత దూరం?"

పిక్కిలికి వెళ్లేసరికి ఎండ బాగా ఎక్కింది. మేస్త్రీ, ఆయన భార్య చేను గట్టున కుప్ప ముందు కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్నారు. నన్ను చూసి ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. నేను ఆయన ఎదురుగా మట్టిలో కూర్చుని, "తప్పు నాది మామా. మేడమ్‌కు చెప్పేసినాను. చిన్నాయనకు కూడా చెప్తాను" అన్నాను.

ఆయన చేతులు ఆపకుండానే మాట్లాడాడు. "నీ మీద జాలిపడి ఊరుకున్నానని అనుకోవద్దు నాయనా. చెప్పినా నమ్మరని ఊరుకున్నాను. నువ్వు చదివినోడివి, నేను అక్షరం రానోణ్ణి. కాగితం నువ్వు గీసినావు. ఎవరి మాట నిలుస్తుంది?"

 నేను చెంబు కింద పెట్టి, "రేపు వస్తావా మామా?" అన్నాను.

"ఈ కుప్ప అయ్యేదాకా రాను."

కుప్ప నడుము ఎత్తు ఉంది. నేను చొక్కా చేతులు మడిచి వాళ్లతో పాటు కాయలు ఒలవడం మొదలుపెట్టాను. పొద్దు వాలేవరకు ఒలిచాము. గోళ్ల కింద మట్టి చేరి వేళ్లు మండాయి. మధ్యలో ఆయన భార్య రాగిసంకటి, పప్పుచారు పెట్టింది.  చివరకు ఆయన లేచి, తువ్వాలు దులుపుకుని, "ఆ సందులోకి దారి పెడితే ఓటు ఎక్కడో తెలుస్తుంది" అన్నాడు.

"దారి అంటే?"

"బయటి అతుకుకు చిన్న రంధ్రం వేయాల. దాంట్లోకి స్పిరిట్టు పంపాల."

మరునాడు పొద్దున్నే ఇద్దరం కలిసి షెడ్డుకు వెళ్లాము. అందరూ ఉండగానే చిన్నాయనకు జరిగింది చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మేస్త్రీ దగ్గరకు వెళ్లి, "మనసులో పెట్టుకోవద్దు. నేను అడక్కుండా మాట జారినాను" అన్నాడు. మేస్త్రీ తల ఊపి మాస్కు తీసుకున్నాడు.

గాలి లేకుండా చేయాలని నెలన్నర కష్టపడిన గొట్టానికి డ్రిల్లు పెట్టి రంధ్రం వేస్తుంటే నేను రెండడుగులు వెనక్కి జరిగాను. మేడమ్ మాత్రం దగ్గరగా వంగి చూస్తూ, "ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు" అంది. రెండు కొసలకూ ఒక్కో రంధ్రం. పంపు మళ్లీ నడిపించాము. మొదటి కొసలో స్పిరిట్టు పోస్తే ముల్లు కదల్లేదు. రెండో కొసలో పోయగానే ముల్లు ఒక్కసారిగా ఎగిరి కొసకు కొట్టుకుంది.

"దొరికినావా!" అని మేస్త్రీ గట్టిగా అన్నాడు. ఆయన గొంతు అంత పైకి లేవడం నేను మొదటిసారి విన్నాను.

లోపలి అతుకులో ఒక మూల, అద్దం పెట్టి చూస్తే తప్ప కనబడని చుక్క. ఆయన దాన్ని అరగదీసి, చిన్న వెల్డింగు టార్చి వంచి లోపలికి దూర్చి మళ్లీ అతికాడు. బయటి అతుకులను రంపంతో మధ్యమధ్య తెగకోసి, మేడమ్ గీసినట్టే చుక్కలుగా వదిలాము. నేను కొత్త డ్రాయింగు గీసి, ఆయనకు చూపించి, ఆయన సరేనన్నాకే మేడమ్‌కు ఇచ్చాను. ఆమె సంతకం చేసింది.

ఈసారి ముల్లు మునుపు ఆగిన చోట ఆగకుండా దాటిపోయింది. ఒక రోజంతా మెల్లగా దిగుతూనే ఉంది. సాయంత్రం మేడమ్ మీటరు ముందు కుర్చీ వేసుకుని నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటూ తనలో తాను నవ్వుకుంది. గొట్టాన్ని పరుపులో చుట్టి జీపులోకి ఎక్కించేటప్పుడు మేస్త్రీ దారిలో గుంతల సంగతి డ్రైవరుకు మూడుసార్లు చెప్పాడు.

ఆ తర్వాత ఏడాదికి ఆమె నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేను మేస్త్రీకి తెలుగులో చదివి చెప్పాను. మన గొట్టాన్ని అయస్కాంతం నడుమ పెట్టి ఎలక్ట్రాన్లను పంపారు. అవి వంపు తిరిగి క్షేమంగా అవతలి కొసకు చేరాయి. అయితే చక్రం కట్టడానికి పైవాళ్లు ఒప్పుకోలేదు. మిగతా ఏడు ముక్కలూ ఇక అవసరం లేదు. ఆమెను వేరే పనికి మార్చారు.

మేస్త్రీ బీడీ పక్కన పెట్టి విన్నాడు. "అయితే దారి బాగుండాదని అర్థం" అన్నాడు. బీడీ మళ్లీ అందుకుని, "మిగతా చుట్టు ఎవరు చేస్తారంట?" అని అడిగాడు.

"ఎవరూ చేయడం లేదు మామా."

"పాపం, ఆయమ్మ" అన్నాడు. పని పోయిందన్న బాధ ఆయన ముఖంలో కనబడలేదు. ఆమె గురించే బాధపడ్డాడు. పెన్నాగరం బస్సుకు టైమైందని లేచి, ఆ రోజు సగం చేసిన పాల ట్యాంకు మీద గోనె కప్పి వెళ్లాడు.