పాకం చూసే చెయ్యి, పాప స్నానం

శనివారం ఉదయం తొమ్మిది దాటాక, చోడవరం నుంచి రావికమతం వెళ్ళే దారిలోని ఒక ఊళ్ళో, నూకరాజు అనే బెల్లం వండే కార్మికుడు తన ఐదు నెలల కూతుర్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోశాడు. ఆ స్నానం సరిగా జరిగితే పాప తల్లిదండ్రుల దగ్గర ఉంటుంది. జరక్కపోతే కె.కోటపాడులో అమ్మమ్మ దగ్గరే ఉండిపోతుంది, లేదా తల్లి ఉద్యోగం మానుకుంటుంది. అక్కడున్న అందరికీ ఈ సంగతి తెలుసు. వెళ్ళేదాకా నాకు తెలియదు.

నేను బయల్దేరింది ఒక మాట నమ్మలేక. విశాఖలో ఉండే ఫొటోగ్రాఫర్ మిత్రుడు ఒకడు, సొంతూరు రోలుగుంట, "మా వైపు ఒక చర్చి వెనక షెడ్డులో నెలకో శనివారం మగాళ్ళు చంటిపిల్లలకి లాల పోయడం నేర్చుకుంటారు" అన్నాడు. ఫొటో చూపించమంటే తియ్యనివ్వలేదన్నాడు. మన ఇళ్ళలో ఆ పని అమ్మమ్మదో నాయనమ్మదో, లేకపోతే నీళ్ళు పోయడానికి వచ్చే పెద్దావిడదో. తండ్రి తువ్వాలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడతాడు. అంతకు మించి అతనికి చోటు ఉండదు. చూసి వద్దామనుకున్నాను.

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఐదున్నరకి బస్సెక్కితే అనకాపల్లి మీదుగా ఏడున్నరకి చోడవరంలో దిగాను. టికెట్ వంద లోపే. కాగితాల మీద ఇది ఇప్పుడు అనకాపల్లి జిల్లా, బస్సులో జనం మాత్రం ఇంకా వైజాగ్ జిల్లా అనే అంటున్నారు. చలికాలం కాబట్టి చెరకు పనులు జోరుగా ఉన్నాయి. గడలు వేలాడే ట్రాక్టర్ల వెనక బస్సు నడక వేగంతో పోయిన చోట్లున్నాయి, ఆ ఆలస్యం ముందే లెక్కలో వేసుకోండి. బస్టాండు దగ్గర ఇడ్లీ, టీకి నలభై రూపాయలైంది. అక్కణ్ణించి రావికమతం వైపు షేర్ ఆటో, మనిషికి ముప్ఫై.

ఆటో డ్రైవరు పేరు దానియేలు. ఊరి పేరు చెప్పగానే నా వైపు తిరిగి చూశాడు.

"నాన్నల శనివారానికాండి? ఎక్కండెక్కండి. నానూ ఆడికే. ఇంకిద్దరెక్కితే కదిలిపోదాం."

"మీకు చంటిపిల్లలున్నారా?"

"ఇద్దరండి. పెద్దోడు పుట్టినప్పుడు మూడో నెలదాకా ముట్టుకోలేదు, భయ్యం. రెండో గుంటకి నీల్లన్నీ నానే పోసేను. ఇప్పుడు అక్కడ నేర్పుతన్నది నానేనండి."

వెనక సీట్లో కూరగాయల బుట్టతో కూర్చున్న ఆవిడ ఊరుకోలేదు. "గొప్పలు సెప్పకు బాబూ! మొదటిసారి గుంట కళ్ళల్లో సబ్బు నురగ పోసేసి, పెళ్ళాన్ని పిలిసి పారిపోనాడండి ఈడు."

"అదీ నిజమేనండి" అని దానియేలు హారన్ కొట్టాడు. గుంట అంటే ఈ వైపు చిన్నపిల్ల.

దారిలో అతను చెప్పిందిది. ఊళ్ళో ఆడవాళ్ళు చాలామంది బట్టల కంపెనీలకి వెళ్తారు. కాన్పు సెలవు అయిపోగానే పిల్లని ఎవరు చూస్తారన్న దగ్గర ఇళ్ళు తగువుల్లో పడేవి. చర్చి పాస్టరు షెడ్డు ఇచ్చాడు, అంగన్‌వాడీ టీచరు నేర్పడానికి ఒప్పుకుంది. మొదట్లో వచ్చినవాళ్ళంతా చర్చి కుటుంబాల వాళ్ళే. ఇప్పుడు సగం మంది పైగా హిందువుల ఇళ్ళ నుంచి వస్తున్నారు. ఒకటే నియమం. ఎవరైనా పిల్ల కోసం షెడ్డుకి వచ్చినా, ఇంట్లో ఉండిపోయినా, అతని పని ఆ పూటకి ఇంకొకడు చేస్తాడు. చెరకు నరకడమైనా, బెల్లం పొయ్యి దగ్గరైనా, ఆటో అయినా. తర్వాత బదులు తీర్చుకుంటారు.

మేం వెళ్ళేసరికి రేకుల షెడ్డు బయట ఇటుకల పొయ్యి మీద పెద్ద కాగులో నీళ్ళు కాగుతున్నాయి. లోపల పది మంది దాకా మగవాళ్ళు లుంగీలు మోకాళ్ళ పైకి మడిచి, పీటల మీద వరసగా కూర్చుని, కాళ్ళు బారజాపి ఉన్నారు. ఒకతని కాళ్ళ మీద పిల్లాడు నిద్రపోతున్నాడు కూడా. ఆడవాళ్ళు గోడ పక్కన చాప మీద కూర్చుని నవ్వుకుంటున్నారు. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. సభలు, ఊరేగింపులు చాలా చూసినవాణ్ణి. అంతమంది మగవాళ్ళు అంత నెమ్మదిగా చేతులు కదపడం నేనెక్కడా చూడలేదు.

చివరి పీట మీద నూకరాజు. అతని భార్య కుమారి పాపని ఎత్తుకుని పక్కనే ఉంది. కుమారి తల్లి పైడితల్లమ్మ ఎవరితోనూ కలవకుండా గుంజకి ఆనుకుని నిలబడింది. కాన్పుకి పుట్టింటికి వెళ్ళిన కుమారి అప్పటి నుంచీ కోటపాడులోనే ఉంది. సోమవారం పనిలో చేరాలి. పొద్దున షిఫ్టు, రెండింటికి ఇల్లు. అప్పటిదాకా పాపని తనే చూసుకుని, మధ్యాహ్నం నుంచి పొయ్యి దగ్గరికి వెళ్తానని నూకరాజు అంటున్నాడు. గేదెల్ని వదిలి పైడితల్లమ్మ వచ్చి ఉండలేదు, అలాగని పాపని అల్లుడి చేతికి ఇవ్వనూ ఇవ్వదు.

దానికి కారణం నూకరాజే నాకు చెప్పాడు. "మూడో నెల్లో అత్తారింటికెళ్ళి, నాను పోస్తానన్నానండి. నీల్లల్లో చెయ్యెట్టి సూసేను, గోరెచ్చగానే ఉన్నాయనిపించింది. పోసేను. గుంట ఈపంతా కందిపోనాది." తన అరచేతులు తిప్పి చూపించాడు. "మరిగే పాకం చుక్క చన్నీల్లల్లో ఏసి, ఏళ్ళతో ఉండ సేసి సూస్తానండి రోజంతా. ఈ సేతులకి ఏడి తెల్దు. ఆ సంగతి నాకే తెల్లేదు."

కందిన వీపు రెండు రోజుల్లో తగ్గింది. పైడితల్లమ్మ మనసులో అది తగ్గలేదు.

దానియేలు బకెట్టు తెచ్చి పెట్టాడు. "అరచెయ్యి ఎనక్కెట్టుకో. మోచెయ్యి ముంచు."

నూకరాజు మోచెయ్యి ముంచి వెంటనే తీసేశాడు. చన్నీళ్ళు కలిపాడు. మళ్ళీ ముంచాడు. ఇంకో రెండు చెంబులు కలిపాడు. పక్క పీట మీద ఉన్నతను అందుకున్నాడు. "ఒరే, అది నుయ్యి కాదురా, బకెట్టు!"

పైడితల్లమ్మ కూతురి వైపు చూసి అంది. "సల్లారిపోనాయి. గుంటకి జలుబు సేస్తాది. సెప్పవే మీ ఆయనకి."

"ఎదురుగానే ఉన్నాడు కదమ్మా, నువ్వే సెప్పొచ్చు కదా" అంది కుమారి.

ఆవిడ మొహం తిప్పుకుంది. నూకరాజు కాగులోంచి ఒక చెంబు వేణ్ణీళ్ళు తెచ్చి కలిపి, మోచెయ్యి పెట్టి, ఈసారి చాలాసేపు ఉంచాడు. తర్వాత కాళ్ళు చాపాడు.

"మజ్జిన అంత సందేటిరా? గుంట జారిపోద్ది. మోకాళ్ళు దగ్గరెట్టు" అన్నాడు దానియేలు.

కుమారి పాపని అతని కాళ్ళ మీద పడుకోబెట్టింది. తల పాదాల దగ్గర, చిన్న కాళ్ళు అతని పొట్ట వైపు. ఎడమ చెయ్యి పాప నుదుటి మీద అడ్డం పెట్టి, కుడి చేత్తో చెంబు వంచాడు. నీళ్ళు తల మీంచి జారి పాదాల మీదుగా పోయాయి. పాప గుప్పిళ్ళు బిగించింది. అతను రెండో చెంబు వంచాడు. పాప గుప్పిళ్ళు విప్పి, అతని మొహంలోకి చూసి, నోటి దగ్గరికి వచ్చిన నీళ్ళు చప్పరించింది.

సున్నిపిండి చేతులకీ కాళ్ళకీ రాశాక బోర్లా తిప్పాలి. అక్కడ నూకరాజు ఆగాడు. కందింది ఆ వీపే. చెంబు ముంచే ముందు ఇంకోసారి మోచెయ్యి పెట్టి చూశాడు. తర్వాత మెడ కింద నుంచి సన్నని ధారగా పోశాడు. పాప అతని చీలమండ మీద చెంప ఆనించి పడుకుంది. వరసలో ఉన్న మగవాళ్ళందరూ తమ పిల్లల్ని పట్టుకునే ఇటు చూస్తున్నారు. వీపు రంగు మారలేదు.

ఆఖరి చెంబు పాప చుట్టూ తిప్పి పక్కకి పారబోశాడు. పక్క పీట మీది క్రైస్తవ తండ్రి తన బాబు తల మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసుకున్నాడు. ఎవరి పద్ధతి వాళ్ళది.

పైడితల్లమ్మ ముందుకొచ్చింది. పాపని లాక్కుంటుందనే అనుకున్నాను. భుజం మీది తువ్వాలు తీసి అల్లుడి చేతికిచ్చింది.

"సెవుల ఎనకాల తడి ఉండిపోద్ది, తుడు బాబూ" అంది, సూటిగా అతనితోనే. అతను తుడిచాక, "సోమారం ఫస్టు బస్సుకొస్తాను. సెయ్యి పెట్టను. అరుగు మీద కూకుని సూస్తాను" అంది.

కుమారి గోడ వైపు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడాను. ఇదివరకు టీకాల రోజు తల్లులే వచ్చేవాళ్ళని, ఇప్పుడు పిల్లాణ్ణి ఎత్తుకుని తండ్రి ఒక్కడే వచ్చి పోయిన డోసు ఎప్పుడు పడిందో తనే చెబుతున్నాడని అంది. "కంపెనీ పని మానేసే ఆడపిల్లలు తగ్గేరండి" అని కూడా అంది. ఎంత తగ్గారో చెప్పే లెక్క నా దగ్గర లేదు. నేను చూసింది ఒక్క ఉదయం. పిల్లకి నీళ్ళు పోయడం తండ్రికి వస్తే ఆ ఇంట్లో ఒక మనిషి బయటికి వెళ్ళి పని చేసుకోగలదు. ఆ తండ్రి షెడ్డులో కూర్చున్నంతసేపూ అతని పొయ్యి దగ్గర ఇంకొకడు నిలబడితే, అది ఒక్క ఇంటి సంగతిగా మిగలదు. ఊరంతా కలిసి ఒక పాపకి స్నానం చేయించినట్టే. ఇంతకంటే గట్టిగా చెప్పడానికి నాకు విశేషణాలు దొరకలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సూచన. ఎనిమిదిన్నరలోపు చేరండి, ఫోను మాత్రం జేబులోంచి తియ్యకండి. చంటిపిల్లల ఫొటోలకి అక్కడ ఎవరూ ఒప్పుకోరు. ఫోను బయటికొస్తే మాటలు కూడా ఆగిపోతాయి.

ఆదివారం సాయంత్రం పాప బట్టలు, ఉగ్గుగిన్నె, ఉయ్యాల గుడ్డ కోటపాడు నుంచి దానియేలు ఆటోలో వస్తాయి. సోమవారం ఉదయం ఆరింటికి కుమారికి కంపెనీ బస్సు. తన పాలు పిండి పెట్టి వెళ్తుంది. ఎనిమిదింటికి నూకరాజు నీళ్ళు కాస్తాడు. ఆ పూట అతని పొయ్యి దగ్గర పాకం చూసేది పక్క పీట మీద కూర్చున్న ఆ క్రైస్తవ తండ్రి.