కాటుకకూ పౌడరుకూ మధ్య

నా చిన్నప్పుడు మా ఇంట్లో అలసట లేని మనిషి ఒక్కరూ ఉండేవారు కాదు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తిరగబడిపోతాయన్న భయంతో ప్రపంచమంతా ప్రోగ్రామర్ల కోసం వెతుక్కుంటున్న రోజులవి. ఆ వెతుకులాటలోనే నాన్న తెనాలి నుంచి సింగపూర్ వచ్చాడు. ఏడాది తిరక్కుండా అమ్మ కూడా ఒక కంపెనీలో టెస్టింగ్ పనికి కుదిరింది. మేము అక్కడ యూ టీ అనే పేటలో పదో అంతస్తులో ఉండేవాళ్లం. సాయంత్రం ఇద్దరూ రైలు దిగి ఇంటికొచ్చి, ఒకరితో ఒకరు మాట్లాడకుండా కాసేపు సోఫాలో కూర్చునేవారు. అది కోపం కాదనీ ఒట్టి అలసటేననీ తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

మా ఫ్లాట్‌లో ఒక గదిలో నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక అక్క అద్దెకుండేది. యూనివర్సిటీలో నీళ్లు వడకట్టే పొరల మీద పరిశోధన చేసేది. ఎవరు ఏ మాట చెప్పినా "నీకెట్ల తెలిసింది?" అని అడగడం ఆమె అలవాటు. ఆ ప్రశ్నకి అమ్మ విసుక్కునేది, నాన్న నవ్వి ఊరుకునేవాడు, నేను మాత్రం నేర్చేసుకున్నాను. తర్వాత ఎన్ని వేదికల మీద ఎంత వాదించినా నా మొదటి బడి ఆ ఇరుకు గదే.

నేను నాన్న పోలిక, నల్లగా ఉంటాను. అమ్మ పచ్చగా మెరిసిపోయేది. ఎవరింటికి వెళ్లినా ఆంటీలు నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూసి, "మీ రంగు రాలేదేమండీ పాపకి" అనేవారు. అమ్మ ఒక చిన్న నవ్వు నవ్వేది. ఆ నవ్వు వెనక ఎంత అలసట ఉందో అప్పుడు నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, గడప దాటే ముందు అమ్మ చేయి దానంతటదే పౌడర్ డబ్బా మీదికి వెళ్లేదని. ముఖానికీ మెడకీ చెవుల వెనకా దట్టంగా అద్దేది. స్కూల్లో చైనా పిల్లలు నన్ను వింతగా చూసి, పిండిలో పడ్డావా అని అడిగేవారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేము ఇల్లు వెతుక్కున్నప్పుడు ఇద్దరు ముగ్గురు యజమానులు ఇండియన్లకి అద్దెకివ్వం అని ఫోన్లోనే చెప్పేశారు. మా వాళ్లలో చాలా కుటుంబాలకి అదే అనుభవం. నలుగురు కలిసినప్పుడల్లా ఆ సంగతి తలుచుకుని రగిలిపోయేవారు. రగలాల్సిందే. కానీ అదే భోజనాల దగ్గర, అదే నోటితో, పక్కనే నిలబడ్డ పిల్ల రంగుకి జాలి పడేవారు. రెండూ ఒకటే తప్పని ఎవరికీ తోచేది కాదు. నలుపంటే చర్మంలో ఉండే ఒక పదార్థం, ఎండని తట్టుకోవడానికి శరీరం చేసుకున్న ఏర్పాటు. దాని దగ్గర మనిషి గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు. ఈ నాలుగు ముక్కలు ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే చెప్పీ చెప్పీ విసిగిపోయాను.

ఏటా ఉగాదికి తెలుగు కుటుంబాలన్నీ ఆంగ్ మో కియో అనే పేటలో ఒక హాలు తీసుకుని కలిసేవి. పిల్లల కార్యక్రమాలు ఒక ఆంటీ చూసుకునేది. మంచి మనిషే, అందరికీ పులిహోర వడ్డించాకే తాను తినేది. అయితే ఒక ఏడాది నాకు కాకి వేషం ఇచ్చింది. మరుసటి ఏడాది పగలూ రాత్రీ అనే నాటికలో నన్ను రాత్రిని చేసింది. పగలుకి పాట ఉంది. రాత్రికి మాటలు లేవు, నల్ల దుప్పటి కప్పుకుని వెనక నిలబడటమే. అందుకే నా తొమ్మిదో ఏట, ఈసారి పిల్లలంతా ప్రజాజీవితంలో తమకు నచ్చిన మనిషి వేషం వేసుకుని రెండేసి నిమిషాలు మాట్లాడాలని చెప్పినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. రెండు నిమిషాలు అందరూ నా మాట వింటారు. నాకు కావలసింది అదొక్కటే.

ఎవరి వేషం వెయ్యాలో తేల్చింది అక్క. ఆ మధ్యే యూనివర్సిటీలో ప్రసంగించడానికి ఒక నల్లజాతి స్త్రీ వచ్చిందట. ఆఫ్రికాలో ఒక రేవు పట్టణం ఆమెది. ఆసుపత్రిలో నర్సుగా బతుకు మొదలుపెట్టింది. తన చేతుల మీదుగా పుట్టిన పిల్లల్లో, తండ్రి పేరు చెప్పలేని తల్లుల పిల్లలకి ఆ దేశంలో పుట్టుక నమోదు కాగితం ఇచ్చేవారు కాదు. కాగితం లేకపోతే బడి లేదు. ఆ ఒక్క సంగతి పట్టుకుని ఆమె ఎన్నికల్లో నిలబడింది. ఓడిపోయింది. మళ్లీ నిలబడింది, మళ్లీ ఓడింది. చివరికి గెలిచి చట్టసభకి వెళితే, ఆమె మాట్లాడటానికి లేవగానే సభ్యులు కాఫీలకి లేచేవారు. ఖాళీ బెంచీలకే తన బిల్లు చదివి కూర్చునేది. తిరస్కరించేవారు. మరుసటి సమావేశాల్లో ఒక్క అక్షరం మార్చకుండా అదే బిల్లు తెచ్చేది. ఏళ్ల తరబడి అలా తెచ్చి తెచ్చి చట్టం చేయించింది.

అక్క ఆమెతో ఫొటో దిగింది. రంగుల ఫొటో. వెడల్పాటి ముఖం, కురచ జుట్టు, నీలం గౌను, కళ్ల కింద వాపు. నేను మొట్టమొదట చూసింది ఆమె రంగునే, దాచను. నా వయసులో నన్ను నేను చూసుకోవడానికి ఇంకో దారి ఎవరూ నేర్పలేదు.

అక్క నాకు ప్రసంగం రాసిచ్చింది. "ఈ బిల్లును మళ్లీ ప్రవేశపెడుతున్నాను" అన్న వాక్యం అందులో మూడుసార్లు ఉంది. ఒక్కసారి చాలదా అని అడిగాను.

"గెలిచిందని చెప్పుడు అల్కగనే ఉంటది," అంది అక్క. "ఎన్నిసార్లు పోయి నిలబడ్డదో చెప్పు, గప్పుడు ఆమె ఎవరో ఎర్కైతది."

ఉగాది రోజు పొద్దున నీలం గౌను వేసుకుని తయారయ్యాను. గడప దగ్గర అమ్మ చేయి అలవాటుగా డబ్బా అందుకుంది. నల్లజాతి స్త్రీ వేషం వేసుకున్న నల్లపిల్ల ముఖానికి అమ్మ తెల్లగా పౌడర్ అద్దింది. ఆ క్షణంలో అందులో వింతేమీ మా ఎవరికీ కనిపించలేదు. అక్క అప్పటికే లిఫ్ట్ దగ్గర ఉంది.

హాల్లో ముందు వరసల కుర్చీల మీద టిష్యూ పొట్లాలు పెట్టి సీట్లు పట్టేసుకున్నారు. మేము నేరుగా వేదిక వెనక్కి వెళ్లాం. ఆంటీ అక్కడ పిల్లల్ని ముస్తాబు చేస్తోంది. ఆమె కూతురు, నా ఈడుదే, ఎవరో రాణి వేషంలో కిరీటం సర్దుకుంటోంది. ఆంటీ నా కాగితం చూసింది, నా ముఖం చూసింది.

"అదేంటమ్మా, ఆఫ్రికా ఆవిడ అని రాసి ఇంత తెల్లగా వచ్చావ్," అని ఒక గిన్నె తీసింది. కొబ్బరినూనెలో కలిపిన కాటుక, అందులో స్పాంజి ముక్క. "ఇలా రా, రెండు నిమిషాల్లో నల్లగా చేసేస్తా."

అమ్మ నన్ను వెనక్కి లాక్కుంది. "వద్దండీ. అసలే... దానికి ఇంకా కాటుకెందుకు?"

"మరి జనానికి ఎలా తెలుస్తుందండీ?"

ఒక పక్క కాటుక, ఒక పక్క పౌడరు. మధ్యలో నా ముఖం మీద ఏది పెట్టాలో ఇద్దరు పెద్దవాళ్లు తేల్చుకుంటున్నారు. నాకు ఏడుపొచ్చేస్తోంది. పౌడర్‌తో వెళ్తే ఆమెను కాను, కాటుకతో వెళ్తే మళ్లీ నాటికలో రాత్రినే. ఎలా వెళ్లినా నా మాట ఎవరూ వినరు.

అక్క ఎవరితోనూ వాదించలేదు. మామూలుగా అయితే ఆమె నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆ రోజు మాత్రం మెల్లగా, "ఆంటీ, ముఖం మీద పెట్టినంక తప్పయితే టైం ఉండదు. ముందుగాల చేతి మీద పెట్టి చూద్దాం," అంది. ల్యాబులో రసాయనం పరీక్షించే మనిషిలా నా ముంజేతి మీద కాటుకతో ఒక చార గీసింది. రెండు వేళ్ల మేర వదిలి, అమ్మ సంచిలోంచి పౌడర్ తీసి ఇంకో చార పెట్టింది. మధ్యలో నా చర్మం ఎలా ఉన్నది అలా మిగిలింది. అప్పుడు ఆ ఫొటో తీసి ఆ మూడింటి పక్కన పెట్టింది.

"ఇప్పుడు చెప్పండి ఆంటీ, ఫొటోతోని ఏది కలుస్తది?"

ఆంటీ కళ్లజోడు పైకి జరుపుకుంది. అమ్మ వంగి చూసింది. కిరీటం పిల్ల మా మధ్యలో తల దూర్చి, "మిడిల్ వన్ లా, మమ్మీ. చూస్తే తెలీట్లేదా," అని సింగపూర్ ఇంగ్లీషు యాసలో అనేసి తన కిరీటం పనిలో తాను పడిపోయింది.

ఆంటీ స్పాంజిని గిన్నెలో పెట్టేసింది. అక్క తడిగుడ్డ తీసుకొచ్చింది. నా ముఖం తాను తుడవలేదు, గుడ్డ అమ్మ చేతికిచ్చింది. అమ్మ దాన్ని పట్టుకుని అలాగే నిలబడింది.

"నవ్వుతారు అమ్మాయ్," అంది లోగొంతుకతో. "రేపట్నుంచి దాన్ని ఆఫ్రికా పిల్ల అనే పిలుస్తారు."

"ఇప్పుడు ఏమన్న ఊకుంటున్నరా వదినా?" అంది అక్క.

అమ్మ తుడిచింది. నుదురు, బుగ్గలు, మెడ, చెవుల వెనక. తుడుస్తున్నంతసేపూ నా కళ్లలోకి చూడలేదు.

వేదిక మీద మొదట బాగానే సాగింది. నేను నర్సునని చెప్పాను. నా చేతుల మీదుగా పుట్టిన పిల్లలకి పేర్లున్నాయి, కాగితాలు లేవని చెప్పాను. ఈ బిల్లును ప్రవేశపెడుతున్నాను అన్నాను. తిరస్కరించారు అన్నాను. ఈ బిల్లును మళ్లీ ప్రవేశపెడుతున్నాను. తిరస్కరించారు. రెండోసారి "మళ్లీ ప్రవేశపెడుతున్నాను" అనేసరికి రెండో వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పిల్ల మరిచిపోయిందనుకున్నారు. పక్కనుంచి ఒక అంకుల్ "తర్వాతది చెప్పు తల్లీ, తర్వాతది" అని అందించసాగాడు. నవ్వు వెనక వరసల దాకా పాకింది. పక్కకి చూస్తే తెర దగ్గర అమ్మ తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. వచ్చెయ్యమని సైగ చేస్తుందేమోనని చూశాను. చెయ్యలేదు. అలాగే చూస్తూ నిలబడింది. నేను మైకు వైపు తిరిగి మూడోసారి, గట్టిగా, "ఈ బిల్లును మళ్లీ ప్రవేశపెడుతున్నాను" అన్నాను.

నవ్వు ఆగింది. అంతలోనే రెండు నిమిషాలు అయిపోయినట్టు గంట కొట్టారు. చట్టం అయిందన్న ఆఖరి వాక్యం చెప్పనే లేదు. ఆమె దేశంలో ఎప్పుడో గెలిచిన బిల్లు మా హాల్లో గెలవలేదు. బహుమతి కూడా ఇంకెవరికో పోయింది, నాకు వేషం సరిపోలేదని.

భోజనాల దగ్గర ఆంటీ మా దగ్గరికొచ్చింది. నా తల నిమిరి, "బాగానే నిలబడింది పాపం. మీ రంగు కూడా వచ్చుంటేనా..." అంది అమ్మతో.

అమ్మ అలవాటైన ఆ చిన్న నవ్వు కోసం నేను ఎదురుచూశాను. అది రాలేదు. "దాని రంగు దానికి బాగుందండీ," అంది అమ్మ. గొంతులో కోపం లేదు, గెలిచిన గర్వం లేదు. వారమంతా పని చేసి వచ్చిన మనిషి గొంతు అది. ఆంటీ నొచ్చుకుని "నేనిప్పుడేమన్నానని" అంటూ వెళ్లిపోయింది. పై నెల ఇంకెవరింట్లోనో ఇంకో ఆంటీ అదే మాట అంది, అమ్మ మళ్లీ అదే జవాబిచ్చింది. ఆ పై నెలా అంతే. ఇంట్లో పౌడర్ డబ్బా అయిపోయాక మళ్లీ కొనలేదు.

అక్క పరిశోధన ముగించుకుని వెళ్లిపోయింది. ఆ నల్లజాతి మహానుభావురాలిని నేను ఎన్నడూ చూడలేదు. కానీ నా బతుకులో నేను జేజేలు పలికిన ప్రజానాయకురాలు ఆమె ఒక్కతే, అది ఆమె గెలుపును చూసి కాదు. ఖాళీ బెంచీల ముందు అదే కాగితం పట్టుకుని లేచి నిలబడినందుకు. ఆవేశంతో ఒక్కసారి లేవడం నాలాంటి వాళ్లు ఎవరైనా చేస్తారు. వాదనలో ఎదుటివాడి నోరు మూయించి ఇంటికొచ్చి హాయిగా పడుకున్న రాత్రులు నాకు చాలా ఉన్నాయి. వాటివల్ల ఏ పిల్ల ముఖానికీ పౌడర్ అద్దే చెయ్యి ఆగలేదు. అమ్మ ఆవేశపడలేదు, ఒకే వాక్యం పదేపదే చెప్పింది. అమ్మ చెయ్యి ఆగింది.

ఇప్పుడు నన్నే పిల్లలు ఆంటీ అంటున్నారు. మొన్న సెంగ్‌కాంగ్‌లో తెలిసినవాళ్లింట్లో నెల రోజుల పాపని చూడటానికి వెళ్లాను. రోజంతా పని చేసి, నిలబడే ఓపిక లేకుండా వెళ్లాను. అక్కడ ఒకావిడ పాప చెవి మడిచి, వెనక రంగు చూసి, పెద్దయ్యాక చామనఛాయ కూడా దక్కదని తేల్చేసింది. ఇంకెన్నిసార్లు చెప్పాలి, ఈ ఒక్క పూట వదిలేద్దాం అనిపించింది. తల్లి ఆవిడ వైపు చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూశాక కూర్చోలేకపోయాను. లేచి, "దాని రంగు దానికి బాగుందండీ," అన్నాను. నా అలసట తీరేదాకా ఆగితే ఈలోగా ఆ తల్లికి అలా నవ్వడం అలవాటైపోతుంది.