తడవని తల

పంతొమ్మిదివందల అరవైల్లో మేం ఒక తెల్లదొర అమ్మేసిన పాత వ్యానులో ఊరూరా సంతలకు పోయి చీరలమ్మేవాళ్లం. పైకప్పు ఎత్తితే చుట్టూ క్యాన్వాసు గుడారంలా నిలబడేది. నేనూ, నా భార్యా, పసిబిడ్డా దాని కిందే పడుకునేవాళ్లం. అది చిరిగి, కిందటి వానకు బిడ్డకు రొమ్ము పడిశెం పట్టింది. హిందూపురంలో లారీలకు పట్టలు కుట్టే పెద్దాయన దగ్గరికి పోయాను.

ఆయన కొత్త గుడ్డను రెండు రోజులు నీళ్లలో నానబెట్టాడు. ఆలస్యమవుతోందని కసురుకున్నాను.

"తాగాల్సిన నీళ్లు ఈడనే తాగనీప్పా. కుట్టినంక తాగితే కురచైతాది," అన్నాడు.

కుట్టి బిగించాక, తలపాగా తీసి లోపల కూర్చుని, కప్పు మీద నాలుగు కడవల నీళ్లు పోయించాడు. బయటికొచ్చి నా ముందు తల వంచాడు.

"చెయ్యి పెట్టి చూడబ్బా, తడుండాదేమో."

పెద్దాయన తల మీద నేను చెయ్యి పెట్టడమేమిటని వెనకాడి, వచ్చేశాను.

ఆ సాయంత్రం ధర్మవరంలో కప్పు ఎత్తామో లేదో వాన అందుకుంది. ఎంతకీ వదల్లేదు. నిద్రపోతున్న బిడ్డ తల మీద చెయ్యి పెట్టాను. పొడిగా, వెచ్చగా ఉంది.

మళ్లీ హిందూపురం పోయేసరికి ఆయన ఒక లారీ డ్రైవరు ముందు తల వంచి నిలబడి ఉన్నాడు. డ్రైవరు నాలాగే వెనకాడుతున్నాడు. నేనే ముందుకెళ్లి చెయ్యి పెట్టాను.