కళ్ళకు మసి పూసిన పులి

నా చిన్నప్పుడు మా ఊరికి పులి రెండు దారుల్లో వచ్చేది. ఒకటి అడవిలోంచి, రెండోది మా అయ్య ఉత్తరం మీద. అయ్య సముద్రం దాటి మలయాలో రబ్బరు తోటల పనికి వెళ్ళాడు. అక్కడి స్టాంపు మీద ముందుకు దూకుతున్న పులి బొమ్మ ఉండేది. మా ఊరు పాచిపెంట దాటి ఘాటీ దారి ఎక్కాక, కొండవాలు మీద. అక్కడికి ఉత్తరం చేరాలంటే ఒక మనిషి కాళ్ళ మీదే రావాలి. ఆయన్ని నేను టపా మామ అనేదాన్ని. ఆ కొండల మనిషే. భుజాన సంచి, చేతిలో గజ్జెలు కట్టిన బల్లెం. ఆ గజ్జెల చప్పుడు వినపడితే అమ్మ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసేది.

మా ఊళ్ళో ఉత్తరం చదవగలిగింది అడవి రేంజరుగారు ఒక్కరే. ఆయన దేశదేశాల స్టాంపులు పోగుచేసేవాడు. అందులోనూ జంతువుల బొమ్మలు. ఏనుగు, హంస, ఒంటె. ఏది ఏ దేశానిదో, ఏ రేవులో ముద్ర పడిందో చెప్పుకుని మురిసిపోయేవాడు. ఉత్తరం చదివి పెట్టినందుకు స్టాంపు ఆయనది. మా అయ్య పంపిన పులి నాక్కావాలని ఒకసారి అడిగాను. "నీకెందుకే? దీని విలువ నీకేం తెలుసు?" అన్నాడు. నాకు ఎనభై దాటాయి. ఆ మాట చేసిన గాయం ఇంకా మానలేదు.

ఆ ఏడు ఘాటీలో ఒక పులి మనుషుల్ని పట్టడం మొదలుపెట్టింది. సంతకు వెళ్ళేవాళ్ళు గుంపుగా తప్ప కదలడం లేదు. మామకు మాత్రం ఒంటరి నడకే. అప్పటి నుంచి మా ఉత్తరాల మీద పులి కళ్ళకు ఆముదపు మసి పూసి ఉండేది. మొదటిది చూసి రేంజరుగారు ఛీ కొట్టి, కవరు నా మీదకు విసిరాడు. అలా మసి పులులు నావయ్యాయి. పోస్టు ముద్రతో సహా కత్తిరించి వెదురు బొంగులో దాచుకునేదాన్ని.

ఎందుకు పూస్తున్నావని మామను అడిగాను.

"దాని పేరెత్తకే గుంటా," అన్నాడు. "సంచిలో అది కళ్ళు తెరుసుకుని కూకుంటే, బయటున్నదానికి దారి సెప్పేత్తాది."

"అది బొమ్మ కదా మామా!"

"బొమ్మేనే. నా బయం బొమ్మ కాదు గదా. దాన్ని ఇంటికాడ ఒగ్గీసి రాలేను. అందుకే కళ్ళు మూసి ఎంట తెచ్చుకుంతన్నాను."

వానాకాలం వచ్చింది. అయ్య ఉత్తరాలు ఆగిపోయాయి. మలయా తోటల్లో జ్వరాలకు మనుషులు రాలిపోతున్నారని సంతలో ఎవరో అన్నారు. ఆ పూట నుంచి అమ్మ ముద్ద మింగలేదు. పొయ్యి ముందు కూర్చుని అంటించకుండానే లేచేది. మెడలో పూసలు తీయాలో ఉంచాలో తెలియని మనిషిలా వాటిని తడుముకుంటూ ఉండేది.

సరిగ్గా అప్పుడే రేంజరుగారు మామ మీద అర్జీ పెట్టాడు, సర్కారు టపా పాడుచేస్తున్నాడని. మామ మా గుమ్మంలో నిలబడి చెప్పాడు. "ఇంకోపాలి మసి కనపడితే ఉజ్జోగం తీసేత్తారంట. పూయనని నా సేత ఒట్టేయించినారు."

అమ్మ ఆయన కాళ్ళ మీద పడింది. "అన్నా, ఉన్నాడో లేడో ఆ కబురొకటి తెచ్చెట్టు. నువ్వూ రాకపోతే మాకింకెవులున్నారు?"

"లెగమ్మా. కింద మీ ఉత్తరముంటే మోసుకొచ్చే పూచీ నాది."

"ఎవరికీ కనపడకుండా పూసుకో మామా," అన్నాను నేను.

"ఒట్టేసినాను గదే," అన్నాడు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. వాలు దిగుతుంటే గజ్జెల చప్పుడు ఎప్పటిలా ఒక వరసన పడలేదు. ఆగి, మోగి, మళ్ళీ ఆగింది.

తిరిగి ఆ చప్పుడు మేము వినలేదు. మామను వెతుకుతూ డప్పులతో వెళ్ళినవాళ్ళకు ఘాటీ మలుపులో బల్లెం దొరికింది. కాస్త పైన సంచి దొరికింది, తడిసింది కానీ చిరగలేదు. టపా మోసే ఇంకో రన్నరు దాన్ని ఇద్దరు కావలివాళ్ళతో పైకి తెచ్చాడు. అందులో అయ్య ఉత్తరం ఉంది.

రేంజరుగారి వసారాలో అమ్మ మెట్టు మీద కూలబడి విన్నది. అయ్యకు జ్వరం తగ్గింది. ఓడ దొరకగానే వచ్చేస్తాడు. అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు ఎవరికోసమో విడదీయడం నాకు చేతకాలేదు.

రేంజరుగారు ఉత్తరం మడిచి, కవరు బల్ల మీద పెట్టి, కత్తెర అందుకున్నాడు. "తాగి నడిచుంటాడు, పాపం. పోనీ, ఈసారి స్టాంపు శుభ్రంగా వచ్చింది."

నేను కవరు లాక్కున్నాను. ఆయన లాంతరు చిమ్నీకి పట్టిన మసి వేలితో గీకి, ఆయన చూస్తుండగానే పులి రెండు కళ్ళకూ పూశాను. "దీన్నెవరైనా కొట్టండర్రా," అని అరిచాడు. అమ్మ లేచి నా చెయ్యి పట్టుకుంది. కొట్టడానికి కాదు, ఇంటికి తీసుకుపోవడానికి.

మసి పులిని ఆపుతుందని నేనెప్పుడూ నమ్మలేదు. అది ఆపిందల్లా మామ కాళ్ళ వణుకును. ఆ మసిని లాగేసుకుని, దారి మాత్రం ఆయనకే వదిలేశారు. రేంజరుగారు పోయి చాలా కాలమైంది. నేను క్షమించలేదు.

ఇప్పుడు మన దేశమే పులి స్టాంపులు వేస్తోంది. నా మనవడు పోగుచేస్తాడు. వాడికి ఉత్తరం రాసినప్పుడల్లా పులి స్టాంపే అంటించి, కళ్ళకు కాటుక పెట్టి పంపుతాను. "పాడుచేసేస్తున్నావు నానమ్మా, దీని విలువ పోతుంది," అంటాడు.

పోనీ. ఉత్తరం మోసుకెళ్ళేవాడి దారిలో ఏముందో నాకూ తెలియదు, నా మనవడికీ తెలియదు.