వీణ కొనడానికి పదకొండు పరీక్షలు

వీణ కొనడానికి బయలుదేరే ముందు నేను పదకొండు పరీక్షలు రాసుకున్నాను. ఇటుక కానివ్వండి, సున్నం కానివ్వండి, కాలువ పనికి ఏ వస్తువు తీసుకోవాలన్నా ముందుగా పరీక్షలు రాసుకోవడం సర్వే బడిలో నాకు పట్టిన అలవాటు. చెక్క బరువు మొదటిది. పగుళ్లు రెండోది. దండి, అంటే మెట్లు బిగించే పొడుగాటి భాగం, తిన్నగా ఉందో లేదో దారం పట్టి చూడటం మూడోది. పదోదాని వరకు అన్నీ కంటితోనో, చేత్తోనో, కొలబద్దతోనో తేలిపోయేవే. నాదం ఎలా ఉందన్నది పదకొండోది. దాన్ని చివర పెట్టడానికి కారణం ఉంది. నాకు సరిగా వినపడదు.

అంతకుముందు ఏడు ఆనకట్టకి రాయి కొట్టే చోట పనిచేశాను. మందు పేల్చినప్పుడు రాళ్లు ఎంత దూరం పడుతున్నాయో కొలవమన్నారు. కొలిచాను. కొలతలన్నీ సరిగ్గానే వచ్చాయి. నేను నిలబడిన చోటు మాత్రం ఆ కొలతల లోపల ఉంది. రాయి ఏదీ తగలలేదు. ఎడమ చెవిలోంచి కొంచెం నెత్తురు వచ్చింది, మూడు రోజులు ఈల వేసినట్టు మోగింది, ఆ తరవాత ఏమీ మోగలేదు. కుడి చెవికి చీము పట్టి వినికిడి నెలనెలా తగ్గుతూ వచ్చింది. ఎంత తగ్గిందో తెలుసుకోవడానికి, పని కోసం ఇచ్చిన వెండి గడియారం చెవికి ఎన్ని వేళ్ల దూరం దాకా వినపడుతుందో రాసుకునేవాణ్ణి. చైత్రంలో నాలుగు వేళ్లు. ఆషాఢంలో ఒక వేలు. శ్రావణంలో చెవికి ఆనించినా లేదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పడవ ఎక్కినా అరుగు మీద కూర్చున్నా ఎదుటివాళ్లు నా కుడిపక్కకి వచ్చేలా చూసుకునేవాణ్ణి. గట్ల మీద కొలబద్ద పట్టుకునే మనుషుల కేకలు నాకు అందేవి కావు కాబట్టి వాళ్లకి ఎర్ర జెండా ఒకటి, తెల్ల జెండా ఒకటి ఇచ్చాను. దొర వచ్చి చూసి, చాలా మంచి పద్ధతి అని మిగతా జట్లకి కూడా జెండాలు ఇప్పించాడు.

వీణ సంగతి ఎందుకు వచ్చిందంటే, మా అమ్మకి పినతండ్రి, నాకు చినతాతగారు, ఐనవిల్లిలో రోజూ వేదం చెప్పడం అయ్యాక ఒక గంట వీణ వాయించేవారు. చిన్నప్పుడు వాళ్ల వీధరుగు మీద పడుకుని వినేవాణ్ణి. ఆ వైశాఖంలో అదే అరుగు మీద కూర్చుని ఇవాళ ఆయన వాయించడం లేదేమో అనుకున్నాను. లోపలికి తొంగి చూస్తే వాయిస్తున్నారు.

అప్పుడే నిర్ణయించుకున్నాను. చెవి మిగిలి ఉండగానే నేర్చుకోవాలి. వెళ్లి అడిగాను.

"నా వీణ మీద కొత్త చెయ్యి పడనివ్వను. నీది నువ్వు తెచ్చుకో. దసరాకి మొదలెడదాం," అన్నారు.

అక్కడ ఒక చిక్కు ఉంది. అంతకుముందు ఒకతను పాఠానికి వస్తే చినతాతగారు వాడి చేత సరిగమలు అనిపించి, "చెవి లేనివాడికి చెయ్యెందుకురా? పోయి లెక్కలు నేర్చుకో," అని పంపించేశారు. నేను లెక్కలు అప్పటికే నేర్చుకుని ఉన్నాను. నా చెవి సంగతి తెలిస్తే వెనక్కి పంపడానికి ఆయనకి ఇంకో చదువు కూడా మిగలలేదు.

భాద్రపదంలో ఒక రోజు సెలవు పెట్టి పొద్దున్నే పడవెక్కాను. కొత్తపేట అవతల కొబ్బరి తోటలో వీణలు చేసే ఆచారిగారి పాక ఉంది. ఆయనకి నలభై ఏళ్లుంటాయి. వాళ్ల అమ్మగారు గుమ్మంలో కూర్చుని కొబ్బరి పీచు తీస్తున్నారు. ఆచారిగారు మూడు వీణలు చాప మీద పెట్టారు.

"చూసుకోండి బాబుగారూ. ధర మూడింటికీ ఒకటేనండి."

నేను సంచిలోంచి కొలబద్ద, దారం, నీటి మట్టం చూసే పరికరం తీశాను. ఆ పరికరాన్ని మొదటి వీణ దండి మీద పెట్టేసరికి ఆయన వంగి చూశారు.

"అదేంటండీ?"

"మట్టం చూసేదండి. కాలువలకి వాడతాం."

"ఆయ్. వీణలోంచి కూడా నీళ్లు పారిస్తారేంటండీ?"

గుమ్మంలో ఆవిడ నవ్వింది. నేను రాసుకుంటున్నాను.

మొదటి వీణ ఆచారిగారు ఆ ఏడే చేసినది. కొమ్ముపని, లక్క పూత, అంగుళానికి అంగుళం లెక్క తప్పకుండా మెట్లు. పది పరీక్షల్లో పదీ నెగ్గింది. నేను వద్దంటే దాన్ని ఒక గుడివాళ్లు తీసుకుంటారని ఆయన ముందే చెప్పారు. రెండోది మూడు ముక్కలు అతికినది. ఎనిమిది నెగ్గింది. మూడోది ఒకే పనస మొద్దులోంచి తొలిచారు. పూత లేదు. దండి చివర యాళి అనే సింహపు ముఖం ఉండాల్సిన చోట వట్టి మొద్దు ఉంది. మొదటిదానికి ఒకటిన్నర రెట్లు బరువు. పైగా దండి పైభాగాన తగిలించే సొరబుర్రకి జానెడు కింద, దండి అంచు మీద, రూపాయి కాసంత మేర అరిగి మెరుస్తోంది. "మచ్చ. కారణం తెలియదు," అని రాశాను. దానికి నాలుగు వచ్చాయి.

"మిగిలింది నాదం ఒకటేనండి," అన్నాను.

"అది ఆఖర్నా అండీ?" అన్నారు ఆచారిగారు.

ఆయన మొదటిది మీటారు. ఆయన వేళ్లు కదలడం చూశాను. కాలువ అవతలి గట్టు మీద ఎవరో మాట్లాడుకుంటున్నంత వినపడింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. మూడుసార్లూ తల ఊపాను. ఎక్కడ ఊపాలో ఆయన తల చూసి తెలుసుకున్నాను.

"ఏది నచ్చిందండి?"

"ఇంకా పరిశీలించాలండి."

"ఆయ్, పరిశీలించండి. పెరట్లో జిగురు కాగుతోంది, చూసొస్తాను." వాళ్ల అమ్మగారు అప్పటికే లేచి ఎటో వెళ్లారు.

కాగితం ప్రకారం మొదటి వీణ తీసుకుని పడవెక్కేయవచ్చు. కానీ పదికి పది నెగ్గిన వస్తువు నాకు వినపడకపోతే, నాకు అదీ పీటా ఒకటే. అప్పుడు గడియారం గుర్తొచ్చింది. వారం కిందట గట్టు మీద రెండు చేతులతో పరికరం బిగిస్తూ గడియారాన్ని పళ్లతో పట్టుకోవలసి వచ్చింది. పుర్రె లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు టిక్కు టిక్కుమంది. భయపడి వదిలేశాను. మళ్లీ పెట్టుకున్నాను. మళ్లీ కొట్టింది.

అటూ ఇటూ చూసి మొదటి వీణ దండి అంచు పళ్ల మధ్య పట్టుకుని తీగ మీటాను. శుభ్రంగా, సన్నగా వచ్చింది, వెంటనే పోయింది. రెండోదాన్ని పట్టుకున్నాను. అతుకు దగ్గర శబ్దం ఆగిపోతున్నట్టు స్పష్టంగా తెలిసింది. ఎంగిలి అన్న మాట నాకు తట్టలేదు. పరీక్ష చేస్తున్నప్పుడు నాకు పరికరం పరికరంగానే కనపడుతుంది.

మూడోదాని లావు తీగ మీటాను. దవడలోంచి ఎక్కి తలంతా నిండింది. ఏడాదిగా ఏ శబ్దమూ నాకంత దగ్గరికి రాలేదు. ఎంతసేపు నిలుస్తుందో గడియారం చూడాలనుకున్నాను. చూడటం మరిచిపోయాను. మళ్లీ మీటాను. మళ్లీ మరిచిపోయాను.

ఎదురుగా నీడ పడింది. తలెత్తితే ఆచారిగారి అమ్మగారు, చేతిలో కొట్టిన బొండంతో.

"అయ్యయ్యో! నోరెట్టేసేరేంటండీ! సరస్వతమ్మండి అది! ఆకలేస్తే ఓ మాట చెప్పొద్దా? బొండం తెత్తన్నాను కదా!"

"కొరకలేదు మామ్మగారూ. పళ్లు ఆనించానంతే."

"పళ్లు ఆనించడాన్నే కొరకడం అంటారండి మా ఊళ్లో. ఇదొక్కటేనా? అయ్యి కూడానా?"

అబద్ధం చెప్పడానికి వ్యవధి ఉంది. కానీ కొలత అడిగితే తప్పు చెప్పడం నాకు చేతకాదు.

"మూడూనండి."

ఆవిడ బొండం కింద పెట్టి, గుడికి వెళ్లవలసిన మొదటి వీణ వంక చూసి, పెరటి వంక చూసి, కాసేపు ఆలోచించింది.

"ఆ రెండూ నేను చూళ్లేదు. చూడంది ఎంగిలి కాదు. ఇది చూసేను. ఇది మీరు తీసుకోవాల్సిందే."

ఆ సూత్రం ఏ శాస్త్రంలో ఉందో నేను అడగలేదు. ఆవిడ పసుపునీళ్లలో ముంచిన గుడ్డ తెచ్చి మూడింటినీ తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగి నాతో ఏదో అంది. మెల్లిగా అంది కాబట్టి వినపడలేదు. పెదవులు చూసి పోల్చుకున్నాను. చెవులు వినపడవా, బాబూ, అని.

నేను దారం ఉండ చుట్టడం మొదలెట్టాను. ఆవిడ దగ్గరికి జరిగి గొంతు పెంచింది.

"మా ఇంటాయనా అంతేనండి. ఆఖరి ఆరేడేళ్లు పిడుగు పడ్డా వినపడేది కాదు. ఈ వీణ ఆయన చేసిందే. ఇలా భుజానికి ఎత్తి పట్టుకుని, ఇదిగో, ఇక్కడ గడ్డం ఆనించి తీగలు సవరించేవోరు." ఆ మెరిసే మచ్చ మీద వేలు పెట్టింది. "గడ్డమండి. గడ్డానికి ఎంగిలుండదు కదా. అంత చదువుకున్నోరు, ఆమాత్రం తట్టలేదా?"

తట్టలేదు. పుస్తకం తీసి "కారణం తెలియదు" అన్న మాట కొట్టేశాను.

ఆచారిగారు జిగురు చేతులతో వచ్చారు.

"పంతులుగారు మీ నాన్న వీణ తీసుకుంటారంట," అంది ఆవిడ.

"అది అమ్మేది కాదమ్మా! పక్కనుంటే మిగతాయి బాగా అగుపిస్తాయని దింపేను."

"నోరెట్టేసేరురా."

ఆయన నన్ను చూశారు, వీణని చూశారు. "ఎందుకు పెట్టేరండీ?"

ఆవిడ తలచుకుంటే నా బదులు చెప్పేయగలదు. గుడ్డ నాలుగు మడతలు పెట్టింది, విప్పి మళ్లీ మడతలు పెట్టింది, నోరు మాత్రం విప్పలేదు.

"నాకు వినపడదండి," అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అనుకున్నదానికన్నా చిన్న మాట.

"పూర్తిగానా అండీ?"

"ఎడమది పూర్తిగా. కుడిది, మనిషి మూడు గజాల లోపల ఉండి మామూలుగా మాట్లాడితే అందుతుంది. గడియారం అందదు."

ఆయన చేతులు తుడుచుకుని వాళ్ల నాన్న వీణని ఎత్తి నా ఒళ్లో పెట్టారు. బుర్రని ఎడమ భుజం మీదికి తెచ్చి, దండి నా గడ్డం దాకా వంచారు. "ఇలాగండి, నాన్న పట్టుకున్నట్టు. మెడ వంచకండి, నెప్పెడుతుంది," అన్నారు. వీణ అమ్మేది కాదన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంక దాచడం కుదరదు. గడ్డం ఆనిస్తే చినతాతగారికి కారణం చెప్పాలి. ఆనించకపోతే ఆ వీణ మొయ్యడం దండగ. దసరానాడు ఐనవిల్లి వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుని, వీణ ఎత్తి, గడ్డం ఆనించి, రాతిగని దగ్గర్నుంచి జెండాల దాకా వరసగా చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"అయితే వైశాఖం నుంచీ నేను కూర్చోమంటే నిలబడ్డావు, ఉండమంటే వెళ్లిపోయావు, అంతా ఇందుకేనన్నమాట," అన్నారు చివరికి. "పొగరనుకున్నానురా. దొరల కొలువు చేసి పొగరెక్కిందని మీ అమ్మతో కూడా చెప్పేను."

"అమ్మ ఏమందండీ?"

"అవునంది."

చెవి లేనివాడికి చెయ్యెందుకని ఆయనే అన్నారని గుర్తుచేశాను. గుర్తుచేయకుండా ఉండవలసిందని అనేశాక తోచింది.

"అన్నాను," అన్నారు. తరవాత ముందుకి జరిగి, నా భుజం మీదే ఉన్న వీణ తీగని తన వేలితో మీటారు. "ఇది అను."

అన్నాను. వేరే మెట్టు నొక్కి మీటారు. అన్నాను. అయిదుసార్లు అయ్యాక వేలు తీసేశారు.

"ఒకటి తప్పు. చెవులున్నవాళ్లు మొదటిరోజు మూడు తప్పులు చెప్తారు. అలాగని పొంగిపోకు. ఉగాది దాకా చూస్తాను."

ఉగాది వెళ్లి రెండు నెలలైంది. చూడటం ఇంకా అవలేదని ఆయన అంటున్నారు, కాబట్టి పాఠాలు సాగుతున్నాయి. మాట అందే మూడు గజాలు ఇప్పుడు రెండు గజాలైంది. మొదటి పాఠాలైన సరళి వరసలు రెండో కాలంలోకి, అంటే రెట్టింపు వేగంలోకి, వచ్చాయి. రెండు లెక్కలూ ఒకే పుటలో ఎదురెదురుగా రాస్తున్నాను, కానీ వాటిని కలిపి ఏదీ లెక్క కట్టడం లేదు. వీణ మీద నా గడ్డం ఆచారిగారి నాన్న మచ్చకి రెండు వేళ్ల కింద ఆనుతుంది. మొన్న తుడుస్తూ చూస్తే అక్కడ కూడా చెక్క కొంచెం మెరవడం మొదలైంది. ప్రస్తుతానికి మినపగింజంత ఉంది.