లోపల వదిలిన బట్ట

బట్టలు సరిచేసే దుకాణం నడిపే ఆమెను వీధివీధంతా టైలరక్క అంటుంది. ఆమె మొగుడు సిటీ బస్సు డ్రైవరు. మనిషి బంగారమే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. భార్యకు పెద్ద యూనివర్సిటీలో అకౌంటింగ్ డిగ్రీకి సీటొచ్చిందని తెలిసిన పూటే డిపో అంతా టాంటాం వేసేశాడు. "మా ఆవిడ ఆడిటరు కాబోతోంది" అని క్యాంటీన్లో అందరికీ టీలు తాగించాడు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ప్రభుత్వం నడిపే యూనివర్సిటీలు ఆ రాష్ట్రంలో రెండు రకాలు. పరిశోధనలకు పేరుమోసిన పెద్ద యూనివర్సిటీలో క్లాసులన్నీ పగలే. ఊరూరా శాఖలున్న రెండోదాంట్లో పనిచేసుకునేవాళ్లకు సాయంత్రం కూడా చెబుతారు. టైలరక్కకు రెండింటిలోనూ సీటొచ్చింది. రెండింటిలో ఎక్కడి డిగ్రీ ఉన్నా ఆడిటర్ల పరీక్షకు కూర్చోవచ్చు.

"ఇందులో ఆలోచించేదేముంది? పెద్దదాని పేరెక్కడ, దీని పేరెక్కడ!" అన్నాడు డ్రైవరు.

"చూద్దాం పద. కాకపోతే నేను తిరగేసి చూస్తాను" అందామె.

అది ఆమె పని తీరు. ఎంత ఖరీదైన కోటు తెచ్చినా పైమెరుగు జోలికి పోదు. ముందు తిరగేసి, కుట్టు లోపల ఎంత బట్ట వదిలారో వేళ్లతో తడుముతుంది. బట్ట వదిలి కుడితే, రేపు ఒళ్లొచ్చినా కుట్టు విప్పి వదులు చేయొచ్చు. అంచుదాకా కత్తిరించేస్తే, ఎంత అందమైన కోటయినా ఒక్క కొలతకే పనికొస్తుంది.

పెద్ద యూనివర్సిటీలో ఎత్తైన స్తంభాలూ పచ్చిక మైదానాలూ చూసి డ్రైవరుకు కళ్లు చెదిరాయి. ఆమె మాత్రం ఆఫీసు కిటికీ దగ్గర ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "మధ్యలో ఒక టర్మ్ ఆగాల్సొస్తే, అప్పటిదాకా పాసైనవి ఏమవుతాయండీ?"

"ఆగకూడదమ్మా. ఆగితే మళ్లీ మొదటి నుంచే" అన్నాడు గుమాస్తా, మర్యాదగానే.

రెండోదాని శాఖ మార్కెట్ వెనక ఉంది. గోడలకు రంగు వెలిసిపోయింది. అక్కడా అదే ప్రశ్న వేసింది. "ఎక్కడ ఆపితే అక్కడి నుంచే. ఇక్కడ అందరికీ ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది కదమ్మా" అన్నాడు అక్కడి గుమాస్తా. క్లాసు అయిపోయినా మాస్టారు బోర్డు దగ్గరే ఉన్నాడు. యూనిఫాం కూడా మార్చుకోని నర్సొకామె లెక్క తప్పితే, తుడిపించి మళ్లీ చేయిస్తున్నాడు. టైలరక్క గుమ్మం దగ్గరే నిలబడి చూసింది.

"ఇక్కడే చేరతాను."

"డిపోలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"స్టీరింగ్ ముందు పెట్టుకో. చదివేది నేను" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "పెళ్లికి ముందు ఇదే చదువు, అమ్మ మంచాన పడితే ఆపేశాను. తిరిగి వెళ్తే పాసైనవేవీ చెల్లవన్నారు. ఇంకోసారి అలా అయితే మళ్లీ లేవలేనయ్యా."

ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట అతను వినడం అదే మొదటిసారి. చేరే ఫారం తేవడానికి తనే కిటికీ దగ్గరికి నడిచాడు.

పగలు దుకాణం, సాయంత్రం క్లాసు. జమాఖర్చుల సూత్రాలు కుట్టుమిషన్ మీద అంటించుకుని, తొక్కుతూ వల్లె వేసేది. అంత పట్టుదల మనిషికి ఎక్కణ్నుంచి వస్తుందో! మూడో ఏడు డ్రైవరు బస్సు దిగుతూ జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆమె చదువు ఆగింది. మంచం మీద పడుకుని, "నా పాడు కాలే నీ కొంప ముంచింది" అని అతను ఏడ్చాడు.

"నోరు మూసుకుని జావ తాగు. చదువు ఎక్కడికీ పోదు" అందామె.

నిజంగానే పోలేదు. అతను లేచి నడిచాక, ఆపిన పాఠం దగ్గరే మళ్లీ కూర్చుంది. తోటివాళ్లకన్నా ఆలస్యంగానైనా, మంచి మార్కులతో పాసైంది.

పట్టా ఇచ్చే రోజున అద్దె గౌను తెచ్చే పని డ్రైవరు తన మీద వేసుకున్నాడు. ఆమె తొడుక్కుంటే చంకల దగ్గర పట్టేసింది. "ఇటివ్వు" అని విప్పించి, హాలు బయట మెట్ల మీద కూర్చుని గౌనును తిరగేశాడు. కుట్టు వెంట బొటనవేలితో తడుముకుంటూ పోయాడు.

"వదిలారే! రెండు వేళ్ల బట్ట ఉంది లోపల!" అని అరిచాడు. మెట్ల మీదున్న వాళ్లంతా తిరిగి చూశారు.

టైలరక్క నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, సంచిలోంచి కత్తెర తీసి అతని చేతికిచ్చింది.