నీళ్ళు తెలిసిన పిల్లవాడు

నా చిన్నప్పటి ఎండాకాలాల్లో ఒక ఆదివారం మాత్రం మా తాతయ్య మాకు దొరికేవాడు కాదు. బడులకు సెలవులిచ్చాక వచ్చే మొదటి ఆదివారం అది. ఆ రోజు ఆయన పొలం వైపు వెళ్ళడు. కాలవ నీళ్ళ వంతు గురించి ఎవరైనా తగాదాకు వచ్చినా రేపు రమ్మంటాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తనతోపాటు అయిదో తరగతి చదివిన ఇద్దరి కోసం ఇందుకూరుపేట బస్సులు ఆగే చోట నిలబడతాడు. ఒకరు బిట్రగుంటలో రైల్వే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక అక్కడే ఉండిపోయిన తాత. ఇంకొకరు నెల్లూరులో పంతులమ్మగా పనిచేసిన అవ్వ. ఆమెను మేమంతా టీచరవ్వ అనేవాళ్ళం. ముగ్గురూ ఒక ఆటో మాట్లాడుకుని సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాళేనికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళతో చదువుకున్న నాలుగోవాడి ఇల్లు అక్కడ ఉంది. ఇల్లు ఉంది గాని నాలుగోవాడు లేడు. పదకొండేళ్ళప్పుడు నీళ్ళలో పోయాడు. వాడి తల్లి ఉంది. ఆమెను చూడటానికే ఆ ప్రయాణం.

అప్పటికి యాభై ఏళ్ళుగా వాళ్ళు ఒక్క ఏడూ తప్పలేదని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. ఉద్యోగాల్లో తలో ఊరిలో ఉన్నప్పుడు ఉత్తరాలు రాసుకునేవారట. పెళ్ళిళ్ళు మానుకున్నారు గాని ఈ ఆదివారం మానుకోలేదట. "స్నేహమంటే అదీ" అని మా నాన్న మాకు తరచూ చెప్పేవాడు. నేనూ అదే నమ్మాను.

నాకు తొమ్మిదేళ్ళున్నప్పుడు, అమ్మకు జ్వరంగా ఉందని తాతయ్య నన్ను కూడా వెంట తీసుకెళ్ళాడు. ఆటోలో నేను టీచరవ్వ ఒళ్ళో కూర్చున్నాను. దారి పొడవునా ముగ్గురూ పిల్లల్లాగే పోట్లాడుకున్నారు.

"ఏమ్మే, ఇన్నేళ్ళు పిలకాయలకి లెక్కలన్నీ తప్పు చెప్పే జీతం తీసుకున్నావా?" అన్నాడు బిట్రగుంట తాత.

"నా పలక చూసి రాసి పాసైనోడివి నువ్వు. గమ్మునుండు" అంది టీచరవ్వ.

ఇద్దరూ నవ్వుతుంటే తాతయ్య మాత్రం నవ్వలేదు. రొయ్యల గుంటలు దాటాక, ఎవరూ అడగకుండానే, "ఈసారి చెప్పేస్తా" అన్నాడు.

పది రోజుల్లో తాతయ్యకు మద్రాసులో గుండె ఆపరేషన్ ఉంది. ఆ సంగతి నాక్కూడా తెలుసు.

"నీ గుండెకు డాక్టర్లు ఉండారు. ఆ ముసలామె గుండెకు ఎవరుండారు?" అన్నాడు బిట్రగుంట తాత.

"యాభై ఏళ్ళు మనకు అన్నం పెట్టిన చెయ్యి అది. ఈ వయసులో ఆ చేతిలో మన్ను పోస్తావా?" అంది టీచరవ్వ. ఆమె చేతులు నా పొట్ట చుట్టూ బిగుసుకున్నాయి.

"ఆ అన్నమే నాకు దిగడం లేదు" అన్నాడు తాతయ్య.

దేని గురించో నాకు అర్థం కాలేదు. పెద్దవాళ్ళు ముగ్గురూ ఒక విషయానికి భయపడుతున్నారని మాత్రం తెలిసింది. అంతకుముందు పెద్దవాళ్ళు భయపడటం నేను చూడలేదు.

పాళెం అవ్వకు ఎనభై ఏళ్ళుంటాయి. కంటి ఆపరేషన్ అద్దాల్లోంచి ఆమె కళ్ళు చాలా పెద్దవిగా కనిపించాయి. చిన్న కొడుకు పడవ మీద వేటకు వెళ్తే కోడలితో కలిసి పొద్దుటి నుంచి వండుతోంది. మమ్మల్ని వసారాలో చాప మీద కూర్చోబెట్టి, నా బుగ్గలు తడిమి, "ఇంక మొదలుపెట్టండి నాయనా" అంది. ఏటా అదే వాళ్ళ పద్ధతట. వండిన అన్నం చల్లారేదాకా ఆమె తన పెద్దకొడుకు కబుర్లు వినాలి.

వాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు. వాడు అయ్యవారి గొడుగులో ఎండ్రకాయను పెట్టింది. వాన రోజున పుస్తకాలు తడవకుండా కుండలో పెట్టి తెచ్చింది. ఎక్కాలు రాకపోతే ఈల వేసి తప్పించుకుంది. కథ ఎక్కడ నవ్వొస్తుందో ఆమెకు ముందే తెలుసు, అక్కడికి రాకముందే నవ్వేది. నేను గోడకు ఆనుకుని వింటున్నాను. అరవై దాటినవాళ్ళు "వాడు చూడు, ఎట్టా చేస్తాడో" అని నిన్న మొన్నటి మాట చెప్పినట్టు చెబుతున్నారు. మాట్లాడేకొద్దీ వాళ్ళ గొంతులు సన్నబడి పిల్లల గొంతులవుతున్నాయి. ఆ వసారాలో నా వయసు పిల్లాడు ఒకడు ఉన్నట్టే ఉంది. వాడు నా పక్కనే కూర్చుని తన కథలు తాను వింటున్నట్టు అనిపించి, నేను రెండుసార్లు పక్కకు తిరిగి చూశాను.

విస్తళ్ళు వేశారు. మామిడికాయ వేసిన చేపల పులుసు వాసన వసారా అంతా నిండింది. అవ్వ తాతయ్య విస్తట్లో అన్నం పెట్టబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, ముందు ఒక మాట వినాలి. విన్నాక పెడితే పెట్టు, లేకుంటే లేదు."

ఆయన చెప్పింది ఇది. సెలవులిచ్చిన రోజున నలుగురూ కలిసి ముంతమామిడి పండ్ల కోసం మొగ దాటారు. ఊరి వాగు సముద్రంలో కలిసేచోటును అక్కడ మొగ అంటారు. పొద్దున నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి. తిరిగి వచ్చాక చూసుకుంటే తాతయ్య కొత్త చెప్పులు అవతలి ఒడ్డునే మరిచిపోయాడు. నెల్లూరు నుంచి తెచ్చిన చెప్పులు, పోగొడితే వాళ్ళ నాయన చేతిలో దెబ్బలు తప్పవు. నీకు నీళ్ళు కొత్త కాదు కదా, పోయి తెచ్చిపెట్టమని ఈ పిల్లవాడిని అడిగాడు. మేము పొలాలవాళ్ళం, మాకు నీళ్ళంటే కాలవలో నీళ్ళే, పొద్దున మోకాలి లోతు ఉంటే సాయంత్రమూ అంతే ఉంటాయనుకునేవాళ్ళమమ్మా, అన్నాడు తాతయ్య. ఆ పిల్లవాడు నీళ్ళకేసి చూసి ఇప్పుడొద్దన్నాడు. వీళ్ళు నవ్వారు. సముద్రం పక్కన పుట్టినోడికి నీళ్ళంటే భయమంట అని పాట కట్టి, ముగ్గురూ చప్పట్లు కొట్టారు. పాట ఆగలేదు. వాడు దిగాడు. అవతలికి చేరాడు. చెప్పులు తలమీద పెట్టుకుని తిరిగి వస్తూ నడిమధ్యలో కనపడకుండా పోయాడు. వీళ్ళు పరుగెత్తి, ఊళ్ళోకి రాకముందే ఒక మాట అనుకున్నారు. మేము వద్దంటున్నా వినకుండా వాడే ఆటకి దిగాడని పెద్దవాళ్ళకు చెప్పారు. ముగ్గురూ ఒకే మాట చెప్పేసరికి అందరూ నమ్మారు.

అవ్వ చేతిలో గరిట అలాగే ఉంది. ఆమె ఏడుస్తుందని, లేదా కొడుతుందని నేను టీచరవ్వ కొంగు పట్టుకున్నాను. ఆమె ఏడవలేదు.

"ఇప్పుడొద్దని వాడన్నాడా?" అంది.

"అన్నాడమ్మా."

"ఏమన్నాడు? వాడన్నట్టే చెప్పు."

తాతయ్య బిట్రగుంట తాత వైపు చూశాడు. బిట్రగుంట తాత తల దించుకున్నాడు. చివరికి టీచరవ్వే, దారిలో వద్దు వద్దన్న టీచరవ్వే, కళ్ళు మూసుకుని పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "'పోటు ఎక్కతా ఉండాది. లాగేస్తాది. నీళ్ళు తీసినాక నేనే పోయి తెస్తాలే' అన్నాడు."

సముద్రం మొగలోకి ఎగదన్నడాన్ని వాళ్ళు పోటు అంటారు, వెనక్కి తగ్గడాన్ని తీయడం అంటారు. అవ్వ ఆ మాటను ముగ్గురి చేతా విడివిడిగా చెప్పించుకుంది. బిట్రగుంట తాత చెప్పేటప్పుడు ఒక మాట వదిలేస్తే, సరిగ్గా చెప్పమని మళ్ళీ మొదటి నుంచి చెప్పించింది. తర్వాత గరిట కింద పెట్టి, తాతయ్య మణికట్టు పట్టుకుని లేపింది. "రా. అక్కడ చెప్పు" అంది.

వలలు బాగుచేసుకునే పాక కింద ముసలివాళ్ళు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ఎండలో కాళ్ళు కాలుతుంటే నేను వాళ్ళ వెనకే పరుగెత్తాను. అవ్వ తాతయ్యను వాళ్ళ మధ్య నిలబెట్టింది. ఊళ్ళో పది మందికి తగవులు తీర్చే మా తాతయ్య, ఆ ఇసకలో చెప్పులు కూడా లేకుండా నిలబడి, అంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

అందరికంటే పెద్దవాడు చేతిలో దారం పక్కన పెట్టాడు. "వాడికి పోటు తెలుసునా?" అన్నాడు. ఆయన సముద్రం వైపు తిరిగి, "మేము వాళ్ళ నాయన్ను ఎన్నెన్ని మాటలన్నాం" అన్నాడు.

ఆ మాటల సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ పిల్లవాడి నాయన, అంటే అవ్వ భర్త, ఆ పాళెంలో నీళ్ళు చూసి, ఇవాళ వేటకు పోవచ్చు, పోకూడదు అని చెప్పే మనిషట. కొడుకు పోయాక ఆయన మాట ఎవరూ అడగలేదు. సొంత బిడ్డకు పోటు చూడటం నేర్పలేనివాడు మాకేం చెబుతాడన్నారు. ఆయన కూడా అదే నమ్మి, నీళ్ళు తెలియని బిడ్డను పెంచానని కుమిలి, చివరిదాకా ఇంకెవరి పిల్లవాడినీ తన పడవ ఎక్కించుకోలేదట. ఆయన పోయి అప్పటికే ఇరవై ఏళ్ళు. తాతయ్యా వాళ్ళూ ఇన్నేళ్ళు భయపడింది తాము చేసిన తప్పు బయటపడుతుందని. ఆ తప్పుకు అడ్డం పెట్టిన అబద్ధం ఆ ఇంటి నుంచి ఇంకేం తీసుకుపోయిందో వాళ్ళకు ఆ పాక కిందే తెలిసింది.

అవ్వ ఇంటికి తిరిగి వచ్చింది. తాతయ్యా వాళ్ళు గుమ్మం దాకా వచ్చి బయటే ఆగిపోయారు. ఆమె లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. నన్ను ఒక్కదాన్ని చాప మీద కూర్చోబెట్టి అన్నం వడ్డించింది. ముళ్ళు తీసి చేప ముక్కలు అన్నంలో పెట్టింది. "కారంగా ఉందా బిడ్డా?" అని అడిగింది. లేదన్నాను. మిగిలిన మూడు విస్తళ్ళు ఖాళీగా ఉన్నాయి. బయట ఎండలో ముగ్గురు ముసలివాళ్ళు, గుంజీళ్ళు తీయమంటే తీసేవాళ్ళలా వరసగా నిలబడి ఉన్నారు. నేను తింటూ వాళ్ళను చూశాను. తాతయ్య నన్ను చూడలేదు.

అవ్వ వాళ్ళను తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. మేము ఆటో ఎక్కేటప్పుడు ఆమె గడపలో కూర్చుని ఆ మాటనే తనలో తాను చెప్పుకుంటోంది. పోటు ఎక్కతా ఉండాది, లాగేస్తాది. పసిపిల్లకు మాటలు నేర్పినట్టు, నెమ్మదిగా, ఒక్కొక్కటిగా.

తాతయ్య ఆపరేషన్ అయ్యాక మరో ఆరేళ్ళు బతికాడు. మరుసటి ఏడు కూడా ముగ్గురూ పాళేనికి వెళ్ళారు. ఆ తర్వాతి ఏళ్ళూ వెళ్ళారు. నన్ను మాత్రం మళ్ళీ తీసుకెళ్ళలేదు. "అవ్వ అన్నం పెట్టిందా తాతయ్యా?" అని ఏటా అడిగేదాన్ని. ఆయన ఒక్కసారీ చెప్పలేదు.

ఇప్పుడు నాకు ఏడేళ్ళ కూతురుంది. నెల్లూరులో అపార్ట్‌మెంటులో ఉంటాం. దాని బడి బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే గేటు దాకా పరుగెత్తుతాను. దానికేమైనా అవుతుందేమోనన్న భయం ఒక్కటే నాకు ఉందనుకునేదాన్ని. పోయిన వారం మా పై అంతస్తులోని పిల్లవాడు జనరేటరు గది పైకెక్కి, జారిపడి, చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వాడి తల్లి కట్టు కట్టిన చేతితో ఉన్నవాడినే లిఫ్టు దగ్గర అందరి ముందూ కొట్టింది. బుద్ధి లేదు, భయం లేదు, ఎవరికి పుట్టాడో అంది. మేమంతా సర్దిచెప్పాం. నేనూ చెప్పాను.

ఈ సాయంత్రం పెరుగన్నం తింటూ నా కూతురు, "వాడు వద్దన్నాడమ్మా" అంది. బంతి గది మీద పడిందట. వాన పడింది, జారుతుంది అన్నాడట వాడు. పిరికోడా పిరికోడా అని వీళ్ళు పాడారట. "నువ్వు కూడానా?" అని అడిగాను. ముద్ద మింగకుండా తల ఊపింది. "ఆంటీకి చెప్పొద్దమ్మా, ప్లీజ్. నన్నింక ఆటకి పిలవరు."

పిల్లలన్నాక ఇవన్నీ మామూలే, ఎందుకు కెలుకుతావంటారు మా ఆయన. దాన్ని రేపటి నుంచి ఎవరూ ఆటకి పిలవకపోవచ్చు. ఆ తల్లి నా మొహం చూడకపోవచ్చు. అందరి ముందూ నా కూతురు దోషి అవుతుంది. కానీ మా నెత్తిమీద, ఒక్క అంతస్తు పైన, బుద్ధి లేనివాడినని కన్నతల్లి నోట విన్న బిడ్డ పడుకుని ఉన్నాడు. పాళెం అవ్వ ఒక మాట కోసం యాభై ఏళ్ళు కాచుకుంది. ఈ తల్లిని రేపు పొద్దున ఏడు దాటి ఆగనివ్వకూడదు.

పాప చెయ్యి పట్టుకుని మెట్లెక్కుతాను. నా కూతురు ఏం చేసిందో తర్వాత చెబుతాను. అదీ దాని నోటితోనే చెప్పిస్తాను. తలుపు తీయగానే అనాల్సిన మొదటి మాట మాత్రం నా దగ్గర సిద్ధంగా ఉంది. మీవాడు జారుతుందని చెప్పాడండీ.